చదవడానికి ఊతకర్ర దేనికి?



"తెలుగు పత్రిక చదవాలంటే ముందు విహరిణికి పొడగింత తగిలించుకోండి" అన్న మాట మన జాలంలో చాలాకాలం హితవుగా చెలామణి అయింది. అది హితవు కాదు, పాఠకునికి జరిగిన అన్యాయమని నా వాదం.

యూనికోడు తొలి కూర్పులోనే, అనగా 1991లోనే, తెలుగుకు స్థానం లభించింది. 2001 నాటి విండోస్ ఎక్స్‌పీలో గౌతమి ఖతి ఉన్నది. అయినను మన పెద్ద దినపత్రికలు పలువత్సరాలు సొంత ఖతులను విడువలేదు. తెరపై తెలుగు కనిపించినా అడుగున ఉన్నవి రోమను సంకేతాలే. ఖతి లేనిచోట మిగిలేది పిచ్చిగీతలు. వెదికితే దొరకదు, నకలు తీస్తే పనికిరాదు.

ఈ లోపాన్ని దిద్దడానికి వెన్న నాగార్జున గారు ఫైర్‌ఫాక్సుకు 'పద్మ' అనే పొడగింతను రచించారు. అప్పట్లో దస్త్రం దించుకొని, విహరిణిలో తెరిచి, హెచ్చరికకు అంగీకారం నొక్కి, విహరిణిని మూసి మళ్ళీ తెరవవలసి వచ్చేది. ఆయన శ్రమకు నమస్కారం. కాని పత్రిక చేయవలసిన పనిని పాఠకుని చేత చేయించడం ఏ న్యాయం?

మా దొనకొండవారికి ఇది సులువుగా బోధపడుతుంది. మా గుంటూరు-గుంతకల్లు రైలుమార్గం ఒకప్పుడు మీటరుగేజి. గేజి మారేచోట సరుకంతా దించి వేరే బండికి ఎక్కించవలసిందే. 1990ల దశకంలో పట్టాలనే మార్చారు గాని, "మీమీ చక్రాలు మీరే తెచ్చుకోండి" అని ప్రయాణికులతో అనలేదు.

"పొడగింత ఉన్నది కదా, బాధ ఏమి?" అనేవారు ఇది కూడా చూడాలి. 2016 నాటి ఫైర్‌ఫాక్స్ 48వ సాధారణ కూర్పు మొదలుకొని సంతకం లేని పొడగింతకు ప్రవేశం లేదు. 2017 నవంబరులో వచ్చిన 57వ కూర్పు పాతపద్ధతి పొడగింతలన్నిటికీ తలుపు మూసింది. భద్రత దృష్ట్యా అది సబబే కావచ్చు. అయితే ఆ పొడగింతలనే నమ్ముకున్న చదువు గతి ఏమిటి?

పత్రికలు తరువాత యూనికోడులోకి వచ్చాయి, సంతోషం. అది సగం పని మాత్రమే. పాతఖతులలో వెలువడిన సంచికలను కూడా మార్చి పాఠకులకు అందించడం వారి బాధ్యత. మార్పిడికి మార్గం పద్మ ఏనాడో చూపింది. సంపాదకులకు ఈ మాట మనం జాబులు వ్రాసి అడగాలి. మన పెట్టెలలోనూ పాతఖతి కథలు, వ్యాసాలు ఉంటాయి. వాటిని చదివించే యంత్రం ఇంకా పనిచేస్తూ ఉండగానే యూనికోడులోకి మార్చుకుందాం.