మౌనం అర్ధాంగీకారమట!

"మౌనం అర్ధాంగీకారం" అన్న మాట ఎవరు పుట్టించారో గానీ, ఆడపిల్లను ఒక్కసారైనా అడక్కుండా పెళ్ళిళ్ళు కుదిర్చిన పెద్దలకు అది బాగా కలిసొచ్చింది. ఆ మాట ఇప్పుడు యంత్రాల్లోకీ దూరింది.

అమెరికాలో 2021 జూన్ 8న అమెజాన్ సంస్థ "సైడ్‌వాక్" అనే ఏర్పాటు మొదలుపెట్టింది. పిలిస్తే పలికే ఎకో స్పీకర్లూ, గుమ్మం దగ్గర కాపలా కాసే కొన్ని రింగ్ కెమెరాలూ ఆ ఇంటి ఇంటర్నెట్‌లో కాస్త తీసి ఇరుగుపొరుగు పరికరాలకు పంచుతాయి. తప్పిపోయిన కుక్క మెడలోని బిళ్ళ కూడా ఆ దారిన కబురు పంపగలదు. మంచిదే. కానీ ఇంటివాళ్ళను ముందుగా "సరేనా" అని అడిగి మొదలుపెట్టలేదు. "వద్దు" అనలేదు కాబట్టి సరే అన్నట్టే లెక్క! వద్దనుకునేవాళ్ళు అలెక్సా యాప్‌లో సెట్టింగ్స్ తెరిచి, వెతుక్కుని ఆపుకోవాలి. సైడ్‌వాక్ అంటే కాలిబాట. పేరు కాలిబాట, వేసింది మాత్రం ఇళ్ళ నడవల్లోంచి.

నెలకు 500 ఎంబీకి మించదు కదా, సమాచారాన్ని గూఢలిపిలో భద్రంగానే పంపుతారు కదా, ఇంతదానికి రాద్ధాంతమా అంటారు.

మా కోయిలకుంట్ల వైపు ఎండాకాలంలో నీళ్ళ విలువ వేరే చెప్పనక్కర్లేదు. అయినా "అక్కా, ఒక బిందె పట్టుకుంటా" అంటే కాదనే ఇల్లాలు అరుదు. అలాగని అడక్కుండా మన తొట్టికి గొట్టం తగిలించి, "ఒక్క బిందేగా, వద్దనుకుంటే నువ్వే పీకేసుకో" అంటే ఊరుకుంటామా? మన బాధ బిందెడు నీళ్ళ గురించి కాదు, ఇంట్లో ఒక మనిషి ఉందన్న సంగతే లెక్కలోకి తీసుకోనందుకు.

అది అమెరికా గొడవ, మనకెందుకు అనకండి. కూతుళ్ళ పురుళ్ళకు వెళ్ళే తల్లులు నెలల తరబడి ఉండేది ఆ ఇళ్ళల్లోనే. ఇక్కడ మాత్రం? కొత్త ఫోనో టీవీయో తెచ్చుకుంటే ముందే వేసి ఉంచిన మీటలు ఎన్నో! మన పార్లమెంటు 2023లో చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, సమ్మతి అంటే స్వేచ్ఛగా, స్పష్టమైన చర్యతో తెలిపినదై ఉండాలంది. నోరు మెదపకపోవడం ఒప్పుకోవడం కాదని చట్టానికైనా తెలిసింది.

కాబట్టి ఇంటికి కొత్త వస్తువు వచ్చిన రోజు, దాన్ని బిగించిన అబ్బాయినో అల్లుడినో పక్కన కూర్చోబెట్టుకుని ఏ మీట ఎందుకు వేసి ఉందో అడగండి. నచ్చితే ఉంచండి, లేకపోతే తీయించండి. "నీకు తెలీదులే అమ్మా" అంటే మాత్రం, చెప్పేదాకా లేవనివ్వకండి.