సగం ధరకు వచ్చే రైఫిలు

బట్టయినా, బియ్యమైనా, సైకిలైనా సగం ధరకు వస్తున్నదంటే మన ఇండ్లలో ఒక విధమైన ఉత్సాహం పుడుతుంది. అందులో తప్పేమీ లేదు. నెల జీతం మీద గాని, ఏటా వచ్చే పంట మీద గాని బ్రతికే మనబోటివారికి బేరం తెలియకపోతే సంసారం సాగదు. కాని కొన్ని వస్తువుల విషయంలో ధర తగ్గిన కొద్దీ విచారణ పెరగాలి. అటువంటి వాటిలో మొదటిది తుపాకి.

ఇడపనూరు రైతు ఒకాయన ఇటీవల మమ్మల్ని ఈ సంగతే అడిగారు. తెలిసినవారి దగ్గర పాత .315 రైఫిలు ఒకటి ఉన్నదట. కొత్తదాని ధరలో సగానికి ఇస్తారట. అయితే వారం రోజులలో డబ్బు ముట్టాలట. వేరుసెనగ చేలో అడవిపందుల బాధ పడలేక కొందామనుకుంటున్నానని ఆయన చెప్పారు. కృష్ణా తుంగభద్రల నడుమ సేద్యం చేసుకునే మనవారు అనేకులకు ఎప్పుడో ఒకప్పుడు ఈ ఆలోచన వచ్చే ఉంటుంది. కనుక సమాధానం అందరికీ చెప్పడం మేలనిపించింది.

తుపాకి మన సీమకు కొత్త కాదు. 1520లో శ్రీకృష్ణదేవరాయలు రాయచూరు కోటను ముట్టడించినప్పుడు క్రిస్టోవావ్ ది ఫిగైరెడో అనే పోర్చుగీసువాడు కొద్దిమంది తుపాకివారితో వచ్చి కోటగోడల మీది కావలివారిని గురిచూసి కొట్టగా, రాయలవారి సైనికులు కింద గోడ రాళ్ళు ఊడబెరికారని నూనిజ్ అనే పోర్చుగీసు వర్తకుడు వ్రాసిపెట్టాడు. అంతకుముందు జరిగిన యుద్ధంలో ఇస్మాయిల్ ఆదిల్‌షా దగ్గర ఫిరంగులు మెండుగా ఉండినా గెలుపు ఆయనకు దక్కలేదు. చేతిలో ఆయుధం ఉండటం వేరు, పనికి తగిన ఆయుధం ఉండటం వేరు. మన రైతు ప్రశ్నకు కూడ అసలు కీలకం ఇక్కడే ఉన్నది.

రైఫిలు గొట్టం లోపల మరచుట్టు వలె గాడులు ఉంటాయి. వాటివల్ల గుండు తిరుగుతూ పోయి చాలా దూరం నిలకడగా వెళ్ళుతుంది. కొండచరియ అడ్డంగా ఉన్నచోట అది గుణమే. మన అంతర్వేది నేల బల్లపరుపు. ప్రక్క చేలో నీరు కట్టేవాడుంటాడు, గట్టు మీద గొర్రెల కాపరి పడుకొని ఉంటాడు, తెల్లవారుజామున ప్రత్తి చేలకు కూలి స్త్రీలు నడచిపోతూ ఉంటారు. చిన్నదైన .22 తూటాల పెట్టె మీదనే మైలుకు పైగా అపాయమని అచ్చువేసి అమ్ముతారు. .315 సంగతి వేరే చెప్పాలా? చీకట్లో పందికి గురి తప్పిన గుండు ఎక్కడ ఆగుతుందో కాల్చినవాడికి తెలియదు. ఈ ఒక్క మాటే చాలు, చేను కాపలాకు రైఫిలు కూడదనడానికి.

చట్టం కూడ ఇదే దారిని చెబుతున్నది. 1959 నాటి ఆయుధాల చట్టం పంట కాపుదలకు ముందుగా చెప్పింది బరమారు తుపాకిని, అనగా మూతి వైపునుండి మందు కూరేదానిని. అది చాలదని అధికారికి తోచితే గాడులు లేని ఇతర తుపాకికి లైసెన్సు ఇవ్వవచ్చునన్నది. లైసెన్సు ఉన్నంత మాత్రాన జంతువును కాల్చే హక్కు రాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం క్రింద అడవిపందిని చంపాలన్నా అధికారి అనుమతి కావాలి. కృష్ణజింక సంగతి ఇంకా గట్టిది, అది మొదటి షెడ్యూలులోనిది. చేలో పడ్డదనే కోపంతో దానిని కాల్చినవాడికి జైలు తప్పదు.

ఇక బేరం మాట. వారం రోజులలో డబ్బు ముట్టాలన్నారట. స్వంతానికి ఉంచుకున్న తుపాకిని లైసెన్సుదారు మరొకరికి అమ్మదలచితే, కొనేవారి పేరు, చిరునామాతో జిల్లా మేజిస్ట్రేటుకు గాని, దగ్గరి పోలీసు ఠాణా అధికారికి గాని ముందుగా వ్రాసి తెలపాలి. అలా తెలిపిన తరువాత 45 రోజులు గడిస్తేనే అమ్మకం సాగుతుంది. కొనేవారికి తగిన లైసెన్సు ఉండితీరాలి. చట్టమే నెలన్నర ఆగమంటుంటే అమ్మేవాడు వారమంటున్నాడంటే అతడికి చట్టమైనా తెలియదు, లేదా తెలిసి తొందరపడుతున్నాడు. రెండు విధాలా మనకు నష్టమే. డబ్బు ముందు ముట్టజెప్పి, సరుకు ఇంటికి తెచ్చుకొని, కాగితాలు తరువాత చూసుకుందామనుకుంటే కొరివితో తల గోక్కున్నట్లే. లైసెన్సు లేని తుపాకి ఇంట్లో దొరికితే, 2019 సవరణ ప్రకారం శిక్ష రెండేండ్లకు తగ్గదు, అయిదేండ్ల దాకా పోవచ్చును.

తుపాకి చవకగా రావడానికి న్యాయమైన కారణాలు కూడ ఉంటాయి. తండ్రి పోయినప్పుడు ఆయన తుపాకిని కుటుంబంవారు ఠాణాలో గాని, లైసెన్సు గల వర్తకుని వద్ద గాని అప్పగించవలసి ఉంటుంది. కొడుకులకు దాని మీద ఆసక్తి లేకపోతే వచ్చిన ధరకు వదలుకుంటారు. 2019 సవరణ ఒక మనిషికి మూడుగా ఉన్న తుపాకుల హద్దును రెండుకు తగ్గించింది. మూడవదానిని ఏడాదిలోపల అప్పగించమన్నది. అందువల్లనూ కొన్ని చేతులు మారి ఉండవచ్చును. ఇట్టివాటికి కాగితం తిన్నగా ఉంటుంది. అమ్మేవారి లైసెన్సు, దానిలోని నెంబరు, తుపాకి మీది నెంబరు మూడూ చూడండి. నెంబరు ఆకురాయితో అరగదీసినట్లుంటే ఆ ఇంట్లో మంచినీళ్ళు కూడ త్రాగకుండా లేచి రావాలి. గుర్తు చెరిపిన తుపాకిని అమ్మడమే నేరం.

కొడగులో లైసెన్సు లేకుండానే తుపాకులు ఉంటాయి కదా, మనదీ కర్ణాటకమే కదా అని కొందరంటారు. ఆ మినహాయింపు కొడవులకూ, జమ్మా భూమి గలవారికీ మాత్రమే. 2019లో దానిని 2029 దాకా పొడిగించారు. రాయచూరు జిల్లావారికి దానితో సంబంధం లేదు.

కాగితం సరిపోయినదనుకుందాం. అప్పుడు వస్తువును చూడాలి. .315 రైఫిళ్ళు కలకత్తా దగ్గరి ఈశాపూరు ఫ్యాక్టరీలో తయారైనవి, గట్టి సరుకే. కాని ఎంత గట్టిదైనా తుప్పుకు లోకువే. పాతకాలపు తూటాల మందులో ఉండే ఉప్పు గొట్టంలో మిగిలి తేమను పీలుస్తుంది. కాల్చిన రోజే కడగకపోతే లోపల గుంతలు పడతాయి. పైకి నూనె పూసి మెరిపించినంత మాత్రాన అవి పోవు. బోల్టు తీసి, వెలుతురుకు పెట్టి గొట్టం లోపల చూడాలి. మధ్యలో ఎక్కడైనా నల్లని వలయం కనబడితే గొట్టం ఉబ్బినదని అనుమానించాలి. బోల్టు మీది నెంబరు, తుపాకి నెంబరు ఒకటి కాకపోతే రెండు తుపాకుల భాగాలు కలిపారన్నమాట. కొయ్య పగులు వేళ్ళతో తడిమితే తెలుస్తుంది. ఇవన్నీ లైసెన్సు గల తుపాకి పనివానికి కూలి ఇచ్చి చూపించండి. అతడు బాగున్నదనేదాకా ఒక్క తూటా పేల్చవద్దు. పేలుడు వెనక్కు తన్నితే ముఖమూ కళ్ళూ మొదట పోయేవి.

కొన్న తరువాతి లెక్క కూడ వేసుకోవాలి. తాళం పడే ఉక్కు పెట్టె కావాలి. తూటాలు వేరే తాళంలో ఉండాలి. లైసెన్సు అయిదేండ్లకొకసారి తిరగవ్రాయించాలి. ఎన్నికలు వచ్చినప్పుడు అప్పగించమంటే ఠాణాకు మోసుకుపోయి రసీదు తెచ్చుకోవాలి. పెండ్లి ఊరేగింపులో బావమరిది సరదాపడి గాలిలోకి పేల్చినా నేరమే. ఇతరులకు అపాయం కలిగేలా అలా పేల్చితే రెండేండ్ల దాకా జైలు గాని, లక్ష రూపాయల దాకా జుల్మానా గాని, రెండూ గాని పడవచ్చును. అన్నిటికన్న ముఖ్యం ఇంట్లో పిల్లలు. తాతగారి తుపాకి ఎక్కడ ఉన్నదో పెద్దలకన్న ముందు వారికే తెలుస్తుంది.

మా తీర్పు ఇది. లైసెన్సు చేతిలో ఉండి, గురి కాల్చే క్రీడకో ఆత్మరక్షణకో తీసుకునేవారు, కాగితం తిన్నగా, గొట్టం శుభ్రంగా ఉన్న పాత రైఫిలును నిరభ్యంతరంగా కొనవచ్చును. 45 రోజులు ఆగలేని అమ్మకందారును వదలిపెట్టాలి. చేను కాపాడుకోవడానికైతే ఆ సగం ధర కూడ దండుగే. పంటనష్టానికి అటవీశాఖ పరిహారం ఇస్తుంది. పంది తొక్కిన మరునాడే ఫోటో తీయించి అర్జీ పెట్టండి. నలుగురు రైతులు కలిసి వంతుల మీద రాత్రి కాపలా ఉండండి. కంచెకు కరెంటు తీగ మాత్రం తగిలించకండి. దానికి మనిషికీ పందికీ తేడా తెలియదు.