దరఖాస్తు చేరకముందే తిరస్కారం

ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా చేరినవారికి తొలినాళ్లలో నేర్పే పాఠం ఒకటుండేది. తపాలు బల్ల దగ్గరకు వచ్చిన కాగితాన్ని తిప్పి పంపరాదు. తప్పులతడకగా ఉన్నా, సంతకం లేకపోయినా, జతపరచవలసిన పత్రాలు జతపరచకపోయినా ముందు దానిని తీసుకోవాలి, ఇన్‌వర్డు రిజిస్టరులో ఎక్కించాలి, తేదీ ముద్ర వేసి నంబరు ఇవ్వాలి. పరిశీలన ఆ తరువాతి పని. లోపముంటే ఫలానా లోపమని వ్రాసి మెమో పంపేవారు. ఆ మెమో పట్టుకుని పేదవాడు పై అధికారిని కలవగలిగేవాడు, అవసరమైతే న్యాయస్థానం మెట్లెక్కగలిగేవాడు. ఈ పద్ధతి అన్ని కార్యాలయాల్లోనూ చక్కగా నడిచిందని మేము అనబోము. కానీ పాటించనివాడికి తాను తప్పు చేస్తున్నానన్న సంగతి తెలిసే ఉండేది.

నేడు ఆ బల్ల స్థానంలో కంప్యూటరు తెర వచ్చింది. ఉపకార వేతనం, ఆదాయ ధృవీకరణ, పింఛను, వక్ఫ్ ఆస్తి వివరాలు, ఏదైనా ఆ తెరమీద గడులు నింపవలసిందే. ఎర్ర నక్షత్రం గుర్తున్న గడి ఖాళీగా ఉంటే, వ్రాసినది తెరకు నచ్చకపోతే, దరఖాస్తు కదలదు. ఇక్కడ సామాన్యులకు తెలియని విషయమొకటి ఉంది. ఆ తనిఖీ చాలావరకు జరిగేది ప్రభుత్వ సర్వరులో కాదు, మన చేతిలోని ఫోనులో, ఇంటర్నెట్ కేంద్రంలోని కంప్యూటరులో, అంటే బ్రౌజరులోనే. అక్కడ ఆగిన దరఖాస్తు ప్రభుత్వం దాకా చేరనే చేరదు. నంబరు లేదు, తేదీ లేదు, మెమో లేదు. ఎందరు ఆగిపోయారో చెప్పే లెక్క కూడా సాధారణంగా ఎక్కడా మిగలదు.

మా మసీదు ఆవరణలో ఆదివారాలు నడిచే సహాయ కేంద్రానికి ఒక వితంతువు తన ముగ్గురు పిల్లలతో వచ్చింది. పెద్దమ్మాయి ఉపకార వేతనానికి అదే ఆఖరి రోజు. కుటుంబ సభ్యులెందరని అడిగిన చోట నాలుగు అని వ్రాయగానే నాలుగు వరుసలు పుట్టుకొచ్చాయి. తల్లి వరుసలో నింపే కుర్రవాడు పొరపాటున ‘వివాహిత’ అని నొక్కాడు. వెంటనే భర్త పేరు, ఆధార్ నంబరు అడుగుతూ రెండు కొత్త గడులు తెరుచుకున్నాయి. తప్పు గ్రహించి ‘వితంతువు’ అని మార్చాడు. గడులు మాయమయ్యాయి. అన్నీ నింపి ‘సమర్పించు’ మీట నొక్కితే ఏమీ జరగలేదు. ఎర్ర గీత లేదు, హెచ్చరిక లేదు, ఒక్క మాట లేదు. ఇంటర్నెట్ నెమ్మదిగా ఉందనుకుని గంటన్నరసేపు నొక్కుతూనే ఉన్నాము. ఆ తల్లి మాత్రం తన కాగితాలలోనే ఏదో లోపముందని కుమిలిపోయింది.

చివరకు ఇంజనీరింగ్ చదివిన మా జమాఅత్ యువకుడొకడు వచ్చి చూసి సంగతి చెప్పాడు. మాయమైన ఆ రెండు గడులు కంటికి కనిపించడం లేదు కానీ ఫారంలోనే ఉన్నాయి. ‘తప్పనిసరి’ అన్న గుర్తు వాటికింకా తగిలే ఉంది. కనిపించని గడి ఖాళీగా ఉన్నందున బ్రౌజరు దరఖాస్తును ఆపుతున్నది. కనిపించని గడి పక్కన హెచ్చరిక చూపడానికి దానికి చోటు లేదు గనుక మౌనం వహిస్తున్నది. పేజీని మళ్లీ తెరిచి, మొదటిసారే ‘వితంతువు’ అని ఎంచి నింపితే రెండు నిమిషాల్లో వెళ్లిపోయింది. మరణించిన భర్త ఆధార్ నంబరు కోసం ఆ ఫారం పట్టుబట్టిందని ఆ తల్లికి మేము చెప్పలేదు.

దీనికి తలకిందులైన లోపం కూడా ఉంది. కొన్ని ఫారాలలో తనిఖీ నియమాలను పేజీ తెరుచుకునే క్షణాన ఉన్న గడులకే కట్టివేస్తారు. తరువాత ‘మరొక సభ్యుని చేర్చు’ అని నొక్కితే పుట్టే వరుసలకు ఆ నియమాలు వర్తించవు. నాలుగో పిల్లవాడి పుట్టిన తేదీ వదిలేసినా ఫారం ఏమీ అనదు, రసీదు కూడా ఇస్తుంది. రెండు నెలల తరువాత ‘అసంపూర్ణం’ అన్న ఒక్క మాటతో తిరస్కారం వస్తుంది. అప్పటికి గడువు దాటి ఉంటుంది. పెద్ద కుటుంబాలలో, ఉమ్మడి కాపురాలలో ఈ బాధ ఎక్కువ.

పేర్ల సంగతి వేరే చెప్పాలా? మన తెలుగు ముస్లిములలో ‘షేక్’ను కుదించి ‘ఎస్.కె.’ అని వ్రాయడం రివాజు. ఒక పత్రంలో అలా, మరొక పత్రంలో పూర్తిగా ఉంటుంది. చుక్క కనిపిస్తే ఒప్పుకోని ఫారాన్ని చూశాము. మూడక్షరాలకు తక్కువైతే అది పేరే కాదనే ఫారాన్నీ చూశాము. దాని ముందు మన అవ్వల పేర్ల చివరి ‘బీ’ నిలవలేదు. తల్లికి, కూతురికి ఒకే ఇంటిపేరు ఉండి తీరాలని నియమం వ్రాసినవారు మన ఇళ్లలో ఒక్కదాని గడప కూడా తొక్కి ఉండరు.

ఇటువంటి నియమాలకు చట్టబలం ఉందా అన్నది అసలు ప్రశ్న. వక్ఫ్ సవరణ చట్టం 2025 తెచ్చిన 3బి సెక్షను ఆస్తి వివరాలలో వక్ఫ్ దస్తావేజును కూడా కోరింది, అయితే ‘లభ్యమైతే’ అన్న మాటతో. ఎక్కడైనా ఒక ఫారం ఆ గడి పక్కన ఎర్ర నక్షత్రం పెడితే, పార్లమెంటు వ్రాసిన ‘లభ్యమైతే’ను ఒక ప్రోగ్రామరు కొట్టివేసినట్టే అవుతుంది. చట్టాన్ని మేము అంగీకరిస్తున్నామా లేదా అన్నది వేరే చర్చ, ఈ పత్రికలో దానిపై చాలా వ్రాశాము. చట్టం అడగనిదానిని ఫారం అడగరాదన్నదే ఇక్కడి మాట.

ఉమీద్ పోర్టల్ 2025 జూన్ 6న తెరుచుకుంది. ఆరు నెలల గడువును అందరికీ కలిపి పొడిగించడానికి సుప్రీంకోర్టు డిసెంబరు 1న నిరాకరించి, ట్రిబ్యునళ్లను ఆశ్రయించమన్నది. పోర్టల్ మూసేనాటికి 5 లక్షల 17 వేల ఆస్తుల నమోదు మొదలైందని, ఆమోదం పొందినవి 2 లక్షల 17 వేలకు దగ్గరగా ఉన్నాయని ప్రభుత్వమే ప్రకటించింది. మిగిలినవి వేర్వేరు దశల్లో నిలిచాయి. ఎన్ని కష్టాలు పెట్టినా ఆ పోర్టల్ మొదలైనవాటి లెక్క చెప్పగలిగింది గనుక ఆ తేడా లోకానికి కనిపించింది. ఉపకార వేతనాల ఫారాలలో ‘మొదలుపెట్టి పూర్తిచేయలేనివారు’ ఎందరన్న లెక్కను ఎవరైనా ఎప్పుడైనా ప్రకటించారా?

అక్రమాలను అరికట్టడానికే ఈ తనిఖీలని అధికారులు అంటారు. బ్రౌజరులోని తనిఖీని కంప్యూటరు తెలిసినవాడు క్షణంలో తొలగించుకుని ఏదైనా పంపగలడు. అందుకే సర్వరులో మళ్లీ తనిఖీ చేయక తప్పదని ఈ విద్య నేర్పే ప్రతి పాఠంలోనూ ఉంటుంది. అంటే మోసగాడిని ఆపలేని ఈ కాపలా నిరక్షరాస్యురాలైన తల్లిని మాత్రం ఆపుతున్నది. దానిని వద్దని మేము అనము. ఆధార్‌లో ఒక అంకె తగ్గితే అక్కడికక్కడే చెప్పడం మేలే. అది సలహాగా ఉండాలి. గడి మాయమైతే దాని నియమమూ తొలగాలి, కొత్త వరుస పుడితే నియమమూ దానితో పుట్టాలి. లోపమేమిటో ఆ గడి పక్కనే తెలుగులో చెప్పాలి. ‘వర్తించదు’, ‘నా దగ్గర లేదు’ అనడానికి చోటుండాలి. లోపాలతోనైనా దరఖాస్తును స్వీకరించి, నంబరు ఇచ్చి, సవరణకు వ్యవధి ఇవ్వాలి. తప్పు ఎక్కడుందో మాటల్లో తెలపాలన్నది ప్రభుత్వ వెబ్‌సైట్లకు కేంద్రం జారీచేసిన మార్గదర్శకాలు అనుసరించే ప్రమాణాలలోనే ఉంది. సమాచార హక్కు చట్టం 2005 ఆరో సెక్షను, వ్రాయలేనివాడు నోటితో అడిగితే దానిని వ్రాతలో పెట్టడానికి అధికారి సహాయపడాలంటుంది. సమాచారం అడిగేవాడికి ఉన్న ఆ మర్యాద ఉపకార వేతనం అడిగే పిల్లకు ఎందుకుండదు?

కార్యకర్తలకు ఒక విన్నపం. ఫారం కదలనప్పుడు తేదీ, సమయం కనిపించేలా తెరను ఫోటో తీయండి. గడువు ముగియకముందే ఆ ఫోటోను, నింపిన వివరాలను సంబంధిత అధికారికి స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి. ఫలానా గడిని తప్పనిసరి చేసిన జీవో నంబరేమిటని సమాచార హక్కు కింద అడగండి. మా కేంద్రంలో ఈ నెల ఒక పుస్తకం తెరిచాము. దరఖాస్తుదారు పేరు, పథకం, ఆగిన గడి, తెర చెప్పిన మాట అని నాలుగు గీతలు గీశాము. మొదటి మూడు ఆదివారాలలో పంతొమ్మిది పద్దులు ఎక్కాయి. పదకొండింటిలో నాలుగో గడి ఖాళీగానే ఉంది, తెర ఏమీ చెప్పలేదు గనుక.