ఇల్లంతా మీగడ రంగు వేయిస్తున్నారా?

గిద్దలూరు నుంచి ఒక సోదరి ఇలా రాశారు: "ఇంటికి రంగులు వేయించబోతున్నాం. గోడలకి, తలుపులకి, కిటికీలకి అన్నిటికీ ఒకటే లేత మీగడ రంగు కావాలని మా పిల్లలు పట్టుబడుతున్నారు. నేల మీద టైల్సు కూడా అదే రంగు. మా అత్తగారికి డెబ్భై ఏళ్లు దాటాయి. కళ్లలో శుక్లాలు మొదలయ్యాయన్నారు. మనవడికి రెండేళ్లు. ఆరోగ్యరీత్యా ఈ రంగు మంచిదేనా?"

అమ్మా, గోడలకి ఈ రంగు మంచిదే. కాని ఇల్లంతా అదే వేయిస్తే మీ అత్తగారికి ఇబ్బంది. వేయించే పద్ధతిలో పొరపాటు జరిగితే మీ మనవడికి ప్రమాదం. ఈ రెండూ వివరంగా చెప్పుకుందాం.

వెలుతురు సంగతి

తెల్లసున్నం వేసిన గోడ తన మీద పడిన వెలుతురులో నూటికి సుమారు 80 వంతులు తిరిగి గదిలోకి పంపుతుంది. మీగడ రంగు సుమారు 70 వంతులు పంపుతుంది. ముదురు రంగులు చాలా భాగం మింగేస్తాయి. మార్కాపురం, కంభం, గిద్దలూరు వైపు చిన్న కిటికీల పాత మిద్దె ఇళ్లకు మన పెద్దలు ఏటా సున్నం కొట్టించింది ఇందుకు కూడా. బియ్యం ఏరుకోవాలన్నా, మాత్ర మీద పేరు చదవాలన్నా వెలుతురు కావాలి కదా. చెమ్మ, బూజు లేత గోడ మీద వెంటనే బయటపడతాయి. అది కూడా మేలే.

అయితే లోపలి గోడలకు లేత రంగు వేస్తే ఇల్లు చల్లబడుతుందని ఆశపడకండి. ఎండ పడేది మిద్దె మీద. ఆంధ్రప్రదేశ్‌లో 2015 మే నెల వడగాలులకు వెయ్యిమందికి పైగా చనిపోయారు. ఇల్లు చల్లగా ఉండాలంటే ముందు మిద్దె మీద తెల్లసున్నం వేయించండి. తెలంగాణ ప్రభుత్వం 2023లో ఇళ్ల పైకప్పులు చల్లగా ఉంచడానికి ప్రత్యేకంగా ఒక విధానమే ప్రకటించింది.

నల్ల పలక, తెల్ల బలపం

మార్కాపురం పలక మీద అక్షరాలు దిద్దినవారికి ఈ విషయం తేలిగ్గా బోధపడుతుంది. నల్ల పలక మీద తెల్ల బలపం గీత స్పష్టంగా కనిపిస్తుంది. అదే గీత సున్నం గోడ మీద గీస్తే కనిపించదు. కంటికి వెలుతురు ఎంత అవసరమో, రెండు రంగుల మధ్య తేడా కూడా అంతే అవసరం.

శుక్లాలున్న కంటికి ఈ తేడా పట్టే శక్తి తగ్గుతుంది. డాక్టరు చూపించిన అక్షరాలు చదవగలిగిన మనిషి కూడా తెల్లటి నేల మీద తెల్లటి మెట్టు అంచు పోల్చుకోలేకపోవచ్చు. గోడ, గడప, నేల ఒకటే రంగైతే గడప ఎక్కడుందో తెలియదు. రాత్రిపూట స్నానాల గదికి వెళ్లేటప్పుడు ఈ చిక్కు మరీ ఎక్కువ. పశ్చిమ ప్రకాశంలో ఫ్లోరైడు నీళ్లు తాగి వెన్ను, కీళ్లు బిగుసుకుపోయిన పెద్దలు చాలామంది ఉన్నారు. వారు తల వంచి కిందికి చూడలేరు, తూలితే నిలదొక్కుకోలేరు. ఈ వయసులో పడితే తుంటి ఎముక విరుగుతుంది. మంచాన పడ్డాక పుండ్లు, న్యుమోనియా వస్తాయి. ప్రాణం మీదికి కూడా వస్తుంది.

దీనికి పెద్ద ఖర్చేమీ లేదు. పూర్వం సున్నం గోడ అడుగున ఎర్రమన్నుతో జాజుపట్టె తీర్చేవారు. గడపకి పసుపు పూసి బొట్లు పెట్టేవారు. గోడ ఎక్కడ ముగిసింది, నేల ఎక్కడ మొదలైంది, గడప ఎక్కడుంది అన్నీ ముసలి కళ్లకు తెలిసేవి. మీరు కూడా గోడ అడుగున నాలుగంగుళాల ముదురు పట్టె వేయించండి. ప్రతి మెట్టు అంచుకి రెండంగుళాల వెడల్పున ముదురు రంగు గీత ఉండాలి. ద్వారబంధాలకు, స్నానాల గదిలో పట్టుకునే కమ్మీకి కూడా వేరే రంగు వేయించండి. మీ అత్తగారిని కంటి డాక్టరుకి చూపించండి. శుక్లాల ఆపరేషను ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితంగా చేస్తారు.

పాత రంగుతో జాగ్రత్త

ముదురు రంగు మీద లేత రంగు వేయాలంటే కింది రంగు కనిపించకుండా బాగా గీకుతారు. అసలు ప్రమాదం అక్కడుంది. పూర్వపు ఎనామిల్ రంగుల్లో, ముఖ్యంగా పసుపు, ఎరుపు, ఆకుపచ్చ రంగుల్లో సీసం ఎక్కువగా ఉండేది. 2017 నవంబరు 1 నుంచి ఇళ్లకు వాడే రంగుల్లో సీసం పదిలక్షల పాళ్లకు 90 పాళ్లు దాటకూడదని కేంద్ర ప్రభుత్వ నియమం అమల్లోకి వచ్చింది. అంతకు ముందు వేసిన రంగు మీ తలుపుల మీద, కిటికీ ఊచల మీద ఇంకా ఉండవచ్చు.

ఆ దుమ్ము నేల మీద పడుతుంది. పాకే పిల్లల చేతులకు అంటి నోట్లోకి పోతుంది. పసిపిల్లలకు ఇంత సీసమైతే ఫరవాలేదు అనే హద్దు లేదు. రక్తం తగ్గడం, కడుపునొప్పి, మలబద్ధకం, చదువులో వెనుకబడడం దీని ఫలితాలు. మెదడుకు జరిగిన హాని మళ్లీ పూర్తిగా బాగుపడదు.

కనుక ఉప్పుకాగితంతో పొడిగా రుద్దించవద్దు. తడిపి రుద్దించండి. దుమ్మును చీపురుతో ఊడవకుండా తడిగుడ్డతో తుడవండి. పని అయ్యేదాకా పిల్లలనూ, గర్భిణులనూ వేరే ఇంట్లో ఉంచండి. ఉబ్బసం ఉన్నవారు రంగు వాసన పోయాకే ఇంట్లోకి రావాలి. కొత్త డబ్బా మీద సీసం కలపలేదని రాసి ఉందో లేదో చూసి కొనండి.

పని జరిగే రోజుల్లో

సున్నం కంట్లో పడితే క్షణం ఆలస్యం చేయకుండా ధారగా నీళ్లు పోస్తూ అరగంట కడగాలి. రెప్ప తిప్పి లోపల పలుకులుంటే తీసేయాలి. ఆముదం, చనుబాలు వేయవద్దు. కడిగిన వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి. ఆలస్యమైతే నల్లగుడ్డు కాలి చూపు పోతుంది.

టర్పెంటైను, థిన్నరు కూల్‌డ్రింకు సీసాల్లో పోసి ఉంచవద్దు. పిల్లలు పొరపాటున తాగితే వాంతి చేయించకండి. వాంతి అయ్యేటప్పుడు అది ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా తెస్తుంది. ఆ సీసా చేత్తో పట్టుకుని బిడ్డను వెంటనే ఆసుపత్రికి చేర్చాలి.

మీ పిల్లలు కోరుకున్న మీగడ రంగు గోడలకి నిశ్చింతగా వేయించండి. గడపలూ, మెట్ల అంచులూ, గోడ అడుగు పట్టే మాత్రం మీ అత్తగారికి చూపించి, ఆవిడ కంటికి బాగా ఆనే రంగు వేయించండి.