వెంటపడితేనే బండి దొరుకుతదా?



మొన్న మా హాస్టల్లో ఒకన్న బండి పోయింది. పోలీసోళ్లు వెంటపడి పట్టుకోవాల్సిందని మేమంతా కోపంగా అనుకున్నాం. కానీ చదివితే సంగతి వేరేగా ఉంది.

అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రం 2021లో పోలీసుల ఛేజింగ్‌కు గట్టి హద్దులు పెట్టింది. కార్ల దొంగతనాలు పెరిగాయని జనం గొడవ చేస్తే 2024లో వాటిని సడలించింది. నిజానికి అప్పట్లో అలాంటి హద్దుల్లేని రాష్ట్రాల్లో కూడా దొంగతనాలు పెరిగాయి.

మన భద్రాచలం దాటగానే ఎటపాక, అంటే ఆంధ్ర. పోలీసులు రాష్ట్రం దాటైనా వెంటాడొచ్చు, చట్టం ఒప్పుకుంటది. కానీ ఆ అడవి రోడ్ల మీద నడిచేది మన అవ్వలు, బడిపిల్లలు, పశువులు. తనిఖీ చూసి బండి తిప్పేసేవాళ్లంతా దొంగలు కాదు, లైసెన్సు లేక భయపడే మనోళ్లూ ఉంటారు.

అందుకే మేమనేది: ఒకరి ప్రాణం మీదికొచ్చినప్పుడే ఛేజింగ్. బండి పోతే మాత్రం వెంటనే కేసు రాసి, నంబరు అవతలి చెక్‌పోస్టుకు చెప్పాలి. 2024 జూలై నుంచి కొత్త చట్టంలో జీరో ఎఫ్‌ఐఆర్ ఉంది. ‘మా పరిధి కాదు’ అంటే ఒప్పుకోవద్దు.

మనం కూడా లైసెన్సులు తీసుకుందాం. ఆపమంటే ఆపుదాం. పారిపోతే మనల్నే దొంగలంటారు.