నీ ఆర్ఎక్స్‌కి టర్బో ఎప్పుడో ఉంది తమ్ముడూ!

పోయిన వారం ఇన్‌బాక్స్‌లో ఒక మెసేజ్. ‘‘అన్నా, నాది 95 మోడల్ ఆర్ఎక్స్ 100. పోర్టింగ్ చేయించా. ఛాంబర్ వేయించా. అయినా మా ఫ్రెండ్ డ్యూక్ ముందు ఆగట్లేదు. 25 వేలు దాచా. నైట్రస్ పెట్టించనా? లేదంటే ఎక్కడైనా చిన్న టర్బో దొరికితే అది పెట్టించనా? ఏది బెటరో నువ్వే చెప్పు.’’

ఇలాంటి ప్రశ్న మనకి కొత్తేం కాదు. ‘ఫాస్ట్ అండ్ ఫ్యూరియస్’ చూసి పెరిగినోళ్లందరికీ ఏదో ఒక రోజు ఈ దురద పుడుతుంది. నాకూ పుట్టింది. అందుకే ‘వద్దు’ అని ఒక్క ముక్కలో తేల్చేయకుండా, ఎందుకు వద్దో కూర్చుని చెప్తా. ఎందుకంటే ఇందులో మంచి కథ ఒకటి ఉంది. ఆ కథ ఎక్కడో జర్మనీలో మొదలై నీ బండి సైలెన్సర్ దగ్గర ఆగుతుంది.

చిల్లు కుండ లెక్క

ఫోర్ స్ట్రోక్ ఇంజన్‌లో వాల్వులుంటాయి. గాలి లోపలికి రాగానే తలుపు మూసేస్తాయి. కాబట్టి టర్బోతో ఎంత గాలి తోస్తే అంత లోపలే ఉంటుంది. ఎక్కువ గాలి, ఎక్కువ పెట్రోలు, ఎక్కువ పవర్.

టూ స్ట్రోక్‌లో ఆ తలుపుల్లేవు. సిలిండర్ గోడకి కిటికీల్లాంటి పోర్టులుంటాయి, అంతే. పిస్టన్ కిందికి దిగుతుంటే ముందు ఎగ్జాస్ట్ పోర్టు తెరుచుకుంటుంది, తర్వాత కొత్త మిశ్రమం వచ్చే ట్రాన్స్‌ఫర్ పోర్టులు. పైకి వెళ్లేటప్పుడు ముందు ట్రాన్స్‌ఫర్ పోర్టులు మూసుకుంటాయి, చివర్లో ఎగ్జాస్ట్. అంటే కొత్త మిశ్రమం వచ్చే దారి మూసుకున్నాక కూడా బయటికి పోయే దారి తెరిచే ఉంటుంది.

ఇప్పుడు దీనికి బెల్టుతో తిరిగే సూపర్‌చార్జర్ ఒకటి తగిలించావనుకో. అది కష్టపడి తోసిన గాలి, దాంతోపాటు నువ్వు లీటర్ల లెక్కన పోయించిన పెట్రోలు, సగానికి సగం కాలకుండానే ఎగ్జాస్ట్‌లోంచి జారుకుంటాయి. చిల్లు కుండలో నీళ్లు పోసినట్టే. చిల్లు పూడ్చకుండా కుళాయి పెద్దది చేస్తే ఏం లాభం?

ఈ చిల్లు పూడ్చినోళ్లది ఒక చిన్న ఊరు.

చోపావ్ అనే ఊరి కథ

జర్మనీలో చోపావ్ అని ఒక పట్టణం. డీకేడబ్ల్యూ మోటార్‌సైకిళ్ల కంపెనీ అక్కడిదే. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు వాళ్ల 250 సీసీ రేస్ బైకుకి అచ్చంగా నువ్వు అడుగుతున్నదే ఉండేది. ఒకే హెడ్ కింద రెండు పిస్టన్లు. ఒకటి ఎగ్జాస్ట్ పోర్టుని, ఇంకోటి ట్రాన్స్‌ఫర్ పోర్టుని చూసుకునేవి. దాంతో ఎగ్జాస్ట్ ముందే మూసుకునేది. చిల్లు పూడ్చారన్నమాట. ఆ తర్వాతే గాలి తోయడానికి విడిగా ఒక పంపు పిస్టన్ పెట్టారు. 1938లో ఎవాల్డ్ క్లూగే ఆ బండి మీదే ఐల్ ఆఫ్ మ్యాన్ టీటీలో లైట్‌వెయిట్ రేసు గెలిచాడు. పెట్రోలు మాత్రం నీళ్లలా తాగేది. ఇక సౌండ్ సంగతి ఊరంతా చెప్పుకునేవాళ్లు.

యుద్ధం అయిపోయింది. 1946లో మోటార్‌సైకిల్ రేసుల్లో సూపర్‌చార్జర్లని నిషేధించారు. పంపు పోయింది. చోపావ్ తూర్పు జర్మనీలోకి వెళ్లింది. ఆ ఫ్యాక్టరీయే ఎంజెడ్ అయింది. డబ్బుల్లేవు, మంచి లోహం లేదు, విడిభాగాలు లేవు. ఉన్నదల్లా వాల్టర్ కాడెన్ అనే ఇంజినీరు బుర్ర.

ఎగ్జాస్ట్ పోర్టు తెరుచుకోగానే పైపులో ఒక ప్రెజర్ వేవ్ దూసుకెళ్తుంది. దాన్ని ఆసిలోస్కోప్‌లో చూస్తూ కాడెన్ పైపు ఆకారం మార్చుకుంటూ పోయాడు. పైపు వెడల్పయ్యే చోట ఆ వేవ్ వెనక్కి ‘పీల్చే’ వేవ్‌గా తిరిగొస్తుంది. సిలిండర్‌లో పాత పొగని లాగేస్తుంది, దాంతోపాటు కొత్త మిశ్రమాన్ని కొంచెం పైపులోకి కూడా లాగుతుంది. పైపు మళ్లీ సన్నబడే చోట వేవ్ ఈసారి ‘తోసే’ వేవ్‌గా తిరిగొస్తుంది. పైపులోకి జారుకున్న ఆ కొత్త మిశ్రమాన్ని, పోర్టు మూసుకునే ఆఖరి క్షణంలో, మళ్లీ సిలిండర్‌లోకి కుక్కేస్తుంది.

చూశావా? పంపు లేదు, బెల్టు లేదు, కదిలే పార్టు ఒక్కటీ లేదు. ఒక రేకు గొట్టం సూపర్‌చార్జర్ పని చేసిపెట్టింది. 1961 నాటికి ఎంజెడ్ 125 సీసీ బండి 25 హార్స్‌పవర్ ఇచ్చింది. అంటే లీటరుకి 200. టర్బో, సూపర్‌చార్జర్ లేని ఇంజన్ ఆ గీత దాటడం అదే మొదలు.

ఆ ఏడాదే ఎంజెడ్ రైడర్ ఎర్నెస్ట్ డెగ్నర్ స్వీడన్ రేసు సమయంలో పశ్చిమానికి పారిపోయి సుజుకీలో చేరాడు. కాడెన్ రహస్యాలు అతనితోపాటు జపాన్ చేరాయి. 1962లో సుజుకీ మీద 50 సీసీ వరల్డ్ టైటిల్ గెలిచాడు.

నీ యమహాకి కూడా ఆ ఊరితో చుట్టరికం ఉంది. 1955లో వచ్చిన యమహా మొట్టమొదటి బైకు వైఏ1, డీకేడబ్ల్యూ ఆర్‌టీ 125 చూసి చేసిందే. అదీ సంగతి. నువ్వు మెకానిక్ దగ్గర వేయించుకున్న ఆ ‘ఛాంబర్’ కాడెన్ పైపుకి మనవడి లాంటిది. నీ బండికి టర్బో ఎప్పుడో ఉంది. నువ్వే దాన్ని సరిగ్గా వాడట్లేదు.

మరి అది ఎందుకు లాగట్లేదు?

7500 ఆర్‌పీఎం దగ్గర క్రాంక్ ఒక చుట్టు తిరగడానికి 8 మిల్లీసెకన్లు. అందులో ఎగ్జాస్ట్ పోర్టు తెరిచుండేది సుమారు సగం. ఆ 4 మిల్లీసెకన్లలో వేవ్ వెళ్లాలి, కొట్టుకోవాలి, తిరిగి రావాలి. పైపు పొడవు కొంచెం తేడా వచ్చినా టైమింగ్ తప్పుతుంది. సౌండ్ కోసమో, ఫొటోలో బాగుందనో కొన్న ఛాంబర్ నీ పోర్టింగ్‌కి సెట్ అవ్వాలని రూలేం లేదు. పోర్టులు ఒక ఆర్‌పీఎంకి కోసి, పైపు ఇంకో ఆర్‌పీఎంకి చేసుంటే, ఇద్దరూ చెరోవైపు లాగుతున్నట్టు. సౌండ్ వస్తుంది, బండి రాదు.

సరిగ్గా కుదిరితే ఏమవుతుందో చెప్పనా? 2011తో ముగిసిన 125 సీసీ గ్రాండ్ ప్రి రోజుల్లో ఏప్రిలియా సింగిల్ సిలిండర్ బండి 50 హార్స్‌పవర్ దాటింది. టర్బో లేదు, నైట్రస్ లేదు. నీ కంపెనీ ఆర్ఎక్స్ 100 ఇచ్చేది 11.

టర్బో పెట్టేవాళ్లు లేరా?

ఉన్నారు. స్కీడూ కంపెనీ 2020 మోడల్‌గా టర్బో టూ స్ట్రోక్ స్నోమొబైల్ అమ్మింది. 850 సీసీ, 165 హార్స్‌పవర్. కొండల మీద గాలి పలచబడితే ఇంజన్ నీరసపడుతుంది కదా, 8,000 అడుగుల ఎత్తులో కూడా పవర్ తగ్గకుండా ఉండటానికి ఆ టర్బో.

మరి అక్కడ చిల్లు సంగతి? టర్బో చక్రం పైపు చివర అడ్డంగా కూర్చుంటుంది కాబట్టి పైపులో కూడా ప్రెజర్ పెరుగుతుంది. లోపల ఎంత తోస్తే బయట అంత ఆపుతుంది. బెల్టు సూపర్‌చార్జర్‌తో ఈ సుఖం లేదు. కానీ దానికి ఫ్యూయెల్ ఇంజెక్షన్ కావాలి, అంతా లెక్కపెట్టే కంప్యూటర్ కావాలి, ఆ ప్రెజర్ తట్టుకునే క్రాంక్ సీళ్లు కావాలి. కార్బొరేటర్ మీద, ముప్పై ఏళ్ల సీళ్ల మీద ఆ ప్రయోగం చేస్తే ముందు లీకయ్యేది సీలే.

వైజాగ్ హార్బర్‌కి వచ్చే పెద్ద ఓడల్లో కూడా చాలావాటికి టర్బో టూ స్ట్రోక్ ఇంజన్లే. కాకపోతే అవి డీజిల్. ఎగ్జాస్ట్‌కి పైన వాల్వు ఉంటుంది. లోపలికి తోసేది ఒట్టి గాలి. కొంచెం బయటికి పోయినా ఇంధనం పోదు.

నైట్రస్ నిప్పు కాదు, విసనకర్ర

చాలామంది నైట్రస్‌ని ఇంధనం అనుకుంటారు. కాదు. నైట్రస్ ఆక్సైడ్ ఆక్సిజన్‌ని మోసుకొచ్చే కూలీ. బరువు లెక్కన మామూలు గాలిలో ఆక్సిజన్ 23 శాతం. నైట్రస్‌లో 36 శాతం. సుమారు 300 డిగ్రీల దగ్గర అది విడిపోయి ఆక్సిజన్ వదులుతుంది. ఆ ఆక్సిజన్‌కి సరిపడా పెట్రోలు కూడా అదే క్షణంలో అదనంగా ఇవ్వాలి. ఇవ్వకపోతే మిశ్రమం పలచనైపోయి, పిస్టన్ నెత్తి కాలిపోయేంత వేడి పుడుతుంది.

ఫోర్ స్ట్రోక్ పిస్టన్‌కి రెండు చుట్లకోసారి మంట. మధ్యలో కాస్త ఊపిరి పీల్చుకుంటుంది. టూ స్ట్రోక్‌కి ప్రతి చుట్టులో మంటే. అల్యూమినియం కరిగేది 660 డిగ్రీలకి. దానికి చాలా ముందే మెత్తబడుతుంది. పైగా అల్యూమినియం పిస్టన్ ఇనుప స్లీవుకన్నా దాదాపు రెండింతలు ఉబ్బుతుంది. ఉబ్బిన పిస్టన్ బోరుని పట్టేస్తుంది.

ఇంకో తిరకాసు. పొగ వేడెక్కితే దాంట్లో వేవ్ ఇంకా వేగంగా పరుగెడుతుంది. అంటే నైట్రస్ బటన్ నొక్కగానే నీ పైపు టైమింగ్ మారిపోతుంది. అమెరికా, కెనడాల్లో స్నోమొబైల్ డ్రాగ్ రేసర్లు టూ స్ట్రోక్ మీద నైట్రస్ వాడతారు. వాళ్లు ఇవన్నీ లెక్కేసుకుని, కొన్ని సెకన్ల రేసు కోసం, ఇంజన్ పోయినా పర్లేదనుకుని వాడతారు.

పైగా వాళ్లది మంచు, మనది మే నెల విజయవాడ. నైట్రస్‌కి 36.4 డిగ్రీలు దాటితే ద్రవంగా ఉండటం సాధ్యం కాదు. ఆ పాయింట్‌లోనే సిలిండర్‌లో ప్రెజర్ వెయ్యి పీఎస్ఐ దాటుతుంది. నీ టైరులో ఉండేది 30 చిల్లర. ఎండలో పార్క్ చేసిన బండి మీద, సీటు కింద, అది కూర్చుని ఉందని ఊహించుకో.

ఏలూరు రోడ్డు మీద నేను

కాలేజీ రోజుల్లో నేనూ ఛాంబర్ వేయించా. ఛాంబర్ వేస్తే మెయిన్ జెట్ పెద్దది వేయాలని మెకానిక్ చెప్పాడు. ‘రేపు చూద్దాంలే బాబాయ్’ అని, ఆ సాయంత్రమే ఏలూరు హైవే ఎక్కా. పది నిమిషాలు ఫుల్ యాక్సిలరేటర్. బండి ఎప్పుడూ లేనంత బాగా పోతోంది. మిశ్రమం పలచనైనప్పుడు అలాగే పోతుందని నాకప్పుడు తెలీదు.

చప్పుడు చటుక్కున ఆగిపోయింది. వెనక చక్రం బిగుసుకుపోయింది. క్లచ్ పట్టుకోవాలన్న ఆలోచన వచ్చేలోపే బండి అడ్డం తిరిగింది. వెనకే లారీ. ఆ డ్రైవర్ స్టీరింగ్ కోశాడు కాబట్టి ఇవాళ ఈ కాలమ్ రాస్తున్నా. మోచేతి మీద మచ్చ ఇప్పటికీ ఉంది. బ్లాకు విప్పితే ఎగ్జాస్ట్ వైపు పిస్టన్ అంతా చారలు. బాబాయ్ ఏమీ తిట్టలేదు. జెట్ చేతిలో పెట్టి చూపించాడంతే.

ఒక్క జెట్ మార్చనందుకు అంత జరిగింది. నైట్రస్ అయితే ఆలోచించు.

25 వేలు ఏం చేయాలి?

ముందు క్రాంక్ సీళ్లు. ఇంజన్ దారులన్నీ మూసి 5, 6 పీఎస్ఐ గాలి నింపి, కొన్ని నిమిషాలు నిలుస్తుందో లేదో చూపించమను. నిలవకపోతే ఎంత ట్యూనింగ్ చేసినా దండగే.

తర్వాత పోర్టుల టైమింగ్ కొలిపించు. దానికి సరిపడా పైపు లెక్కగట్టి చేసేవాళ్ల దగ్గర చేయించు. పైపుకి తగ్గట్టు మెయిన్ జెట్ పెద్ద సైజుతో మొదలుపెట్టి ఒక్కో మెట్టు దిగు. ప్లగ్ తీసి చూడు. కాఫీపొడి రంగుంటే బాగున్నట్టు, తెల్లగా ఉంటే వెంటనే ఆపు.

మిగిలిన డబ్బు బ్రేక్ లైనర్లకి, టైర్లకి, మంచి హెల్మెట్‌కి. ఆర్ఎక్స్‌కి ముందూ వెనకా డ్రమ్ములే అని మర్చిపోకు. పవర్ పెంచే ప్రతివాడూ ఆగడం గురించి చివర్లో ఆలోచిస్తాడు.

పందెం మాత్రం రోడ్డు మీద కాదు. బండి మార్పులకి మోటారు వాహనాల చట్టంలో సెక్షన్ 52 ఉంది. రోడ్డు మీద రేసులకి సెక్షన్ 189 ఉంది. అదలా ఉంచు, రోడ్డు మీద ఆ లారీ డ్రైవర్ లాంటోడు ప్రతిసారీ దొరకడు. మన దేశంలో లైసెన్స్ తీసుకుని దిగే డ్రాగ్ రేసులున్నాయి. టూ స్ట్రోక్‌లకి విడిగా క్లాసులుంటాయి. అక్కడ నీలాంటి ఆర్ఎక్స్‌లే నీ పక్కన నిలబడతాయి. ఎవడి పైపు కుదిరిందో అక్కడ తేలుతుంది.

ఇదంతా చేస్తే డ్యూక్‌ని కొడతావా? 390 అయితే ఆశ వదులుకో, అది వేరే లీగ్. 200 అయితే మొదటి వంద మీటర్లలో మీ ఫ్రెండ్ ఒకసారి పక్కకి తిరిగి చూసే ఛాన్స్ మాత్రం ఉంది. నాకైతే అది చాలు. నీకూ చాలనుకుంటా.

జెట్ మార్చాక ప్లగ్ ఫొటో పెట్టు. రంగు చూసి చెప్తా.