కాకతాళీయాలూ – కార్తీకదీపమూ



టెలివిజన్ ధారావాహికలపై ఉపన్యాసకులు కలం పట్టడమేమిటని పెద్దలు కొందరు అనుకోవచ్చు. కాని విజయవాడ వన్ టౌన్ సందుల్లోనూ, గుడివాడ ప్రాంతపు పల్లెల్లోనూ ఏళ్ల తరబడి సాయంకాలపు వంటను తొందరపెట్టిన కథను అల్పమని తోసివేయడం న్యాయం కాదని మా అభిప్రాయం.

మలయాళ ధారావాహిక ‘కరుత్తముత్తు’ ఆధారంగా రూపొందిన ‘కార్తీకదీపం’ స్టార్ మా ఛానలులో 2017 అక్టోబరులో మొదలై 2023 జనవరిలో ముగిసింది. గుండె వైద్యుడైన కార్తీక్, మోనిత పన్నిన అబద్ధాన్ని నమ్మి గర్భవతియైన భార్య దీపను శంకించాడు. కవలలలో శౌర్య తల్లివద్ద, హిమ తండ్రివద్ద, సంబంధం తెలియకుండానే పెరిగారు. కాకి వాలడమూ, తాటిపండు రాలడమూ ఒకేసారి జరగడం లోకంలో ఉన్నదే. పాత్రలను కష్టాల్లోకి నెట్టే కాకతాళీయాన్ని ప్రేక్షకుడు సహిస్తాడు. రచయితను కష్టాల్లోనుంచి గట్టెక్కించే కాకతాళీయాన్ని మాత్రం సహించడు. 2022 మార్చిలో ప్రమాదంలో దీపా కార్తీకులను చంపి, పిల్లలను పెద్దవారిని చేసి, కొన్ని నెలలకే వారిద్దరినీ బ్రతికించి తెచ్చినపుడు అభిమానులు రెండుగా చీలిపోవడానికి కారణం ఇదే. మరణానికే విలువ లేనిచోట కన్నీటికి విలువ ఎక్కడిది?

అయితే అందరూ నవ్వుకున్న లోపం వేరు. “వైద్యుడై ఉండి డి.ఎన్.ఎ. పరీక్ష చేయించలేకపోయాడా?” అని మా తరగతిలోనూ నవ్వారు. అప్పుడు వెనుక బల్లనుండి ఒక విద్యార్థిని లేచి, “సార్, పరీక్ష చేయిద్దామని అడగడం మాత్రం అవమానం కాదా?” అన్నది. తరగతి నిశ్శబ్దమైపోయింది. మేమూ వెంటనే సమాధానం చెప్పలేకపోయాము.

తరువాత ఆలోచించగా, చట్టం ఆ అమ్మాయి పక్షానే ఉన్నట్లు తోచింది. వివాహబంధంలో పుట్టిన బిడ్డ ఆ భర్త బిడ్డయేనని, దంపతులు కలిసే అవకాశమే లేదని రుజువైతే తప్ప, 1872 నాటి సాక్ష్య చట్టం భావించింది. 2024 జూలై నుండి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమమూ ఆ నియమాన్నే నిలిపింది. అడిగినదే తడవుగా రక్తపరీక్షకు ఆదేశించరాదనీ, తల్లీబిడ్డలపై పడే మచ్చను ముందు ఆలోచించాలనీ సుప్రీంకోర్టు 1993లో చెప్పింది. దివ్యఖురాన్‌లోని ‘నూర్’ అధ్యాయం సైతం నలుగురు సాక్షులను తెచ్చే భారాన్ని నింద మోపినవారిపైనే ఉంచింది, స్త్రీపై కాదు.

కనుక పరీక్ష చేయించకపోవడం రచయిత లోపమే కావచ్చు. భార్య మాటకు విలువ లేకపోవడం కార్తీక్ లోపం. ఆమె మాట చాలదు, కాగితం కావాలనుకోవడం మన లోపం. మొదటిదానికి నవ్వి, మూడవదానిని గమనించకుండా వదిలివేశాము.

రాబోయే వక్తృత్వపు పోటీకి ఈ విషయాన్నే నిర్ణయించవలసినదిగా కళాశాల సంఘంవారికి మా మనవి. విద్యార్థులు ధారావాహికలోని లోపాలను ఎంచడమేగాక, సాయంకాలం ఇంటికి వెళ్లి, తమ తల్లులూ అక్కచెల్లెళ్లూ చెప్పే మాటను సాక్ష్యం అడగకుండా వినగలరేమో చూసుకొందురుగాక!